పాత మీటర్లు పీకేశాక పడవ గోడలో మిగిలిన బొక్కలు మూసేదెలా

సెకండ్ హ్యాండ్‌లో ఫైబర్ తెరచాప పడవ కొన్నవాళ్లకు కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటు) ఎదురు గోడ మీద సాధారణంగా మూడు గుండ్రటి మీటర్లు కనిపిస్తాయి. లోతుకు ఒకటి, వేగానికి ఒకటి, గాలికి ఒకటి. వాటిలో ఒకటో రెండో ఎప్పుడో ఆగిపోయి ఉంటాయి. మిగిలినదాని అద్దం ఎండకు పచ్చబారి అంకెలు ఆనవు. ఇప్పుడు ఈ మూడు పనులూ ఒకే డిస్‌ప్లే చేసేస్తోంది కాబట్టి పాతవి తీసేస్తాం. తీశాక గోడలో నాలుగేసి అంగుళాల బొక్కలు మిగులుతాయి. వాటిని మళ్లీ కనిపించకుండా, మళ్లీ పగలకుండా మూయడం ఎలాగో చెబుతాను. చెన్నైలో పడవ పెట్టుకున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో సగం కష్టం ఇక్కడి ఎండతోనూ తేమతోనూ వస్తుంది.

అసలు ముందు ఒకటి తేల్చుకోండి: ఈ బొక్క మూయాల్సిన అవసరం ఉందా? కొత్త డిస్‌ప్లే పాత బొక్కను కప్పేసేంత పెద్దదైతే పని అక్కడితో అయిపోయింది. లేదంటే మూడు బొక్కల మీదుగా ఐదారు మిల్లీమీటర్ల మందం పాలీకార్బొనేట్ షీటు ఒకటి కోయించి, వెనక నీళ్లు కారనివ్వని బ్యుటైల్ టేపు పెట్టి స్క్రూలతో బిగించి, కొత్త మీటరు ఆ షీటులోనే పెట్టుకోవచ్చు. చూడ్డానికి బాగుంటుంది, రేపు ఇంకో మీటరు మారిస్తే షీటు మారిస్తే చాలు. ఫైబర్ పని, అంటే గ్లాసు బట్టను రెజిన్‌తో అతికించే పని మీద సరదా లేనివాళ్లకు నేను ఇదే చెబుతాను. ఇంకో మాట, ఆ గోడలో అయస్కాంత దిక్సూచి ఉంటే దాన్ని మాత్రం పీకకండి. బ్యాటరీ చచ్చిపోయిన రోజు పనిచేసేది అదొక్కటే.

సరే, మూసేయాలనే నిర్ణయించుకున్నారు.

పని మొత్తం ఒక సూత్రం మీద నడుస్తుంది. బొక్క అంచుకు అతుక్కుని ఏ బిళ్లా నిలవదు. పంక్చర్ షాపులో చూసే ఉంటారు, ట్యూబులో చిల్లు గుండుసూదంతే ఉన్నా, అతను చుట్టూ రూపాయి బిళ్లంత మేర గరుకు చేశాకే ప్యాచ్ వేస్తాడు. ఇక్కడా అంతే. బొక్కలో పుట్టీ కూరి పైన రంగు వేస్తే మొదటి ఏడాది బాగానే ఉంటుంది. పడవ గోడ కదులుతుంది, ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, కొన్నాళ్లకు సరిగ్గా పాత వృత్తం ఆకారంలోనే సన్నటి గీత బయటపడుతుంది. అందుకే చుట్టూ గోడను వెడల్పుగా, ఏటవాలుగా అరగదీసి, ఆ వాలు మీద గ్లాసు బట్ట పొరలు పరవాలి. బలం ఉండేది ఆ వాలులోనే.

సామాను

రెజిన్, అంటే గ్లాసు బట్టను తడిపి గట్టిపడే జిగురు విషయంలో రెండు దారులున్నాయి, పాలియెస్టర్, ఎపాక్సీ. చెన్నై చేపల రేవు కాసిమేడులో పడవలకు వాడేది పాలియెస్టర్. 2004 సునామీ తర్వాత ఈ తీరంలో కట్టుమరాల చోట ఫైబర్ పడవలు బాగా పెరిగాయి కాబట్టి పాలియెస్టర్ రెజిన్, మ్యాట్, ఆ పని తెలిసిన చేతులు చెన్నైలో సులభంగా దొరుకుతాయి. చవక కూడా. కొత్తగా పడవ పోతపోసేటప్పుడు అది చాలా మంచి సరుకు. కానీ ఎప్పుడో గట్టిపడిపోయిన పాత గోడకు కొత్త పొర అతకాలంటే ఎపాక్సీ పట్టు వేరు. రిపేరుకు ఎపాక్సీయే వాడండి అని నా సలహా. బొక్క చిన్నది, ఖర్చులో తేడా కూడా చిన్నదే.

మన షాపుల్లో ఎక్కువగా కనిపించే జోడీ ఎల్‌వై 556 రెజిన్, హెచ్‌వై 951 హార్డెనర్. బరువు లెక్కన 100 గ్రాముల రెజిన్‌కు 10 గ్రాముల హార్డెనర్. వేరే జోడీ తీసుకుంటే డబ్బా మీద ఏం రాసి ఉంటే అదే. స్పూన్లతో, మూతలతో కొలవకండి. వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి ఈ పనికే కొని పెట్టుకోండి. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోయడం చాలామందికి అలవాటు. పాలియెస్టర్‌ను గట్టిపరిచే క్యాటలిస్టును కొంచెం అటూ ఇటూ చేయవచ్చు, ఎపాక్సీలో అలా చేస్తే అది ఎప్పటికీ జిగురుగానే ఉండిపోతుంది.

బట్ట కొనేటప్పుడు ఒక చిక్కుంది. షాపులో మామూలుగా చేతికిచ్చేది తరిగిన నారతో చేసిన మ్యాట్, సీఎస్ఎం అంటారు. అందులో నారను పట్టి ఉంచే బైండరు పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి మ్యాట్ మెత్తబడదు, వంపుల్లో ఒదగదు. ఎపాక్సీకి నేసిన బట్టగానీ, రెండు దిక్కుల్లో నార పరిచి కుట్టిన బైయాక్సియల్ బట్టగానీ అడగండి. చదరపు మీటరుకు 400 గ్రాములది అయితే చేత్తో వేసినప్పుడు ఒక్కో పొర దాదాపు అర మిల్లీమీటరు మందం వస్తుంది.

ఇవి కాక ఎసిటోన్, ఎపాక్సీని చిక్కబరిచే కొలాయిడల్ సిలికా పొడి, చిన్న అల్యూమినియం రోలరు, బ్రష్షులు, నైట్రైల్ గ్లోవ్స్, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు, గ్రైండరుకు 40, 80 నంబరు డిస్కులు, ఒక ముక్క సన్‌మైకా. పెయింటు షాపులో థిన్నరు ఇచ్చి ఎసిటోన్ లాంటిదేనంటారు, తీసుకోకండి. పడవ హార్బరు లోపల ఉంటే ఇలాంటి మంటలంటుకునే సీసాలు గేటు దాటించే ముందే అనుమతి సంగతి కనుక్కోండి, గేటు దగ్గర టెన్షన్ పడేకన్నా అది మేలు.

కాదు, పాలియెస్టరే వాడతాను అనేవాళ్లకు ఒక హెచ్చరిక. చాలా షాపుల్లో రెజిన్‌తోపాటు రెండు చిన్న సీసాలు ఇస్తారు. ఊదా రంగుది కోబాల్ట్ యాక్సిలరేటరు, నీళ్లలా ఉండేది క్యాటలిస్టు. ఈ రెండింటినీ నేరుగా కలిపితే భగ్గుమని మండుతాయి, పేలవచ్చు కూడా. ముందు కోబాల్ట్ రెజిన్‌లో వేసి పూర్తిగా కలిపాకే క్యాటలిస్టు పోయాలి. రెండు సీసాలనూ ఒకే సంచిలో కూడా తేకండి. క్యాటలిస్టు చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోసి, తర్వాత దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. హార్బరు నుంచైతే ఎగ్మోర్ ప్రభుత్వ కంటి ఆసుపత్రి దూరం కాదు.

మీటరు తీయడం, గోడ లోపల చూడడం

బ్యాటరీ స్విచ్చి ఆపి, వెనక నట్లు విప్పి మీటరు తీయండి. వైరును అలాగే లాగేయకండి. దాని కొసకు గట్టి దారం కట్టి అవతలి నుంచి లాగితే, వైరు బయటికి వచ్చేసరికి దారం దాని దారిలో ఉండిపోతుంది. రేపు కొత్త కేబులు ఆ దారంతో లాగవచ్చు. ఈ చిన్న పని మరిచిపోయినవాళ్లు తర్వాత కేబిన్ ప్యానెళ్లన్నీ ఊడదీయాల్సి వస్తుంది.

ఇప్పుడు బొక్క అంచును టార్చి వేసి చూడండి. గోడ మొత్తం ఫైబరేనా, లేక రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్డో బాల్సా చెక్కో ఉందా? చెక్క ఉంటే స్క్రూడ్రైవరుతో గుచ్చండి. గట్టిగా ఉంటే అదృష్టం. మెత్తగా దిగి, నల్లటి తడి పొడి బయటికి వస్తే ఇన్నేళ్లూ మీటరు చుట్టూ నీళ్లు లోపలికి కారాయని అర్థం. స్క్రూడ్రైవరు పిడితో బొక్క చుట్టూ తడుతూ దూరం వెళ్లండి. ఖంగుమంటే మంచి చోటు, డబడబమంటే లోపల పొర విడిపోయిన చోటు. పెన్సిల్‌తో ఆ హద్దు గీసుకోండి. కుళ్లిన చెక్కంతా తీసేదాకా ముందుకు వెళ్లే పని లేదు. తీశాక వారం పది రోజులు ఎండకు, గాలికి వదిలేయండి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, చెన్నైలో ఇది ఆరదు. ఈ పనికి జనవరి నుంచి మార్చి దాకా మంచి రోజులు.

శుభ్రం చేశాకే అరగదీయడం

ఈ వరస తిరగేయకూడదు. పాత మీటరు చుట్టూ సిలికాన్ సీలెంటు పూసి ఉంటారు. దాని మీద ఏదీ అతకదు, ఎపాక్సీతో సహా. ముందే గ్రైండరు పెడితే ఆ సిలికానును గోడ గరుకులోకి మనమే రుద్ది నింపినట్టు అవుతుంది. బ్లేడుతో గీకి, ఎసిటోన్ తడిపిన గుడ్డతో ఒకసారి, వెంటనే పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. గుడ్డ మారుస్తూ ఉండండి. అయ్యాక కాసిని నీళ్లు చల్లి చూడండి. నీళ్లు పలచగా పరుచుకుంటే శుభ్రమైనట్టు. తామరాకు మీద నీళ్లలా బొట్లు కడితే ఇంకా జిడ్డుంది.

బయటి నుంచి అరగదీయాలా, లోపలి నుంచా? కేబిన్ వైపు చెయ్యి పట్టేట్టు ఉంటే లోపలి నుంచే. అలా చేస్తే బయట ఫినిషింగు చేయాల్సింది బొక్కంత మేరే. బయటి నుంచి వాలు తీస్తే అంతకు రెండింతల వెడల్పున రంగు కలపాల్సి వస్తుంది.

వాలు ఎంత అంటే, నీటి గీతకు పైన, పెద్ద బరువు పడని గోడకు మందానికి ఎనిమిది రెట్లు చాలు. పన్నెండు రెట్లు ఇస్తే ఇంకా నయం. గోడ 6 మిల్లీమీటర్లు ఉందనుకోండి, ఎనిమిది రెట్లంటే చుట్టూ 48 మిల్లీమీటర్లు. 100 మిల్లీమీటర్ల బొక్కకు మొత్తం వృత్తం 196 మిల్లీమీటర్లు అవుతుంది. చాలామంది ఇక్కడే జంకుతారు, ఇంత చిన్న బొక్కకు అంత మేర గోడ పాడుచేయాలా అని. చేయాలి. కాంపాస్‌తో వృత్తం గీసి, 40 నంబరు డిస్కుతో గీత దగ్గర సున్నా, బొక్క అంచు దగ్గర కత్తి పదును వచ్చేలా వాలు తీయండి. గోడ లోపలి పొరలు చెట్టు మానులో వలయాల్లా సమాన దూరంలో బయటపడుతుంటే వాలు సరిగ్గా వస్తున్నట్టు. మీటర్లు తీసిన మూడు బొక్కలూ పక్కపక్కనే ఉండి వాలులు ఒకదాన్నొకటి తాకితే, మూడూ విడివిడిగా చేయకండి. మొత్తాన్ని ఒకే పెద్ద ప్యాచ్‌గా వేయండి.

గోడ మధ్యలో ప్లైవుడ్డు ఉంటే పద్ధతి కాస్త మారుతుంది. అదే మందం మెరైన్ ప్లై బిళ్ల కోసి, అన్ని వైపులా ఎపాక్సీ పూసి, సిలికా కలిపిన చిక్కటి ఎపాక్సీతో బొక్కలో అతికించాలి. వాలు పైపొర మందానికే తీస్తే చాలు. రెండు మిల్లీమీటర్ల పొరకు పన్నెండు రెట్లంటే 24 మిల్లీమీటర్లే. రెండు వైపులా గ్లాసు బట్ట పడాలి.

గ్లాసు దుమ్ము దురద గురించి వేరే చెప్పక్కర్లేదు. నిండు చేతుల చొక్కా వేసుకుని, పనికి ముందు చేతులకు టాల్కం పౌడరు రాసుకోండి. అయ్యాక చేతులు బాగా కడుక్కోండి.

ఏ వేళకు మొదలుపెట్టాలి

ఎండ పది డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ చేతిలో ఉండే సమయం దాదాపు సగమవుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కప్పు నిండా కలిపారంటే, మొదటి పొర తడిసేలోపే కప్పు వేడెక్కి పొగలు కక్కుతుంది. ఒక్కసారికి వంద గ్రాములకు మించి కలపకండి, కలిపిన వెంటనే వెడల్పు ట్రేలో పోసేయండి. పలచగా పరుచుకుంటే వేడి పోతుంది. మిగిలిపోయినదాన్ని కప్పులో వదిలేసి టీ తాగడానికి వెళ్లకండి.

పొద్దున్నే చల్లగా ఉంటుంది కదా అని మొదలుపెడితే ఇంకో తలనొప్పి. గోడ మీద మంచు తడి ఉంటుంది. పైగా ప్లైవుడ్డు ఉన్న గోడ అయితే, పొద్దెక్కేకొద్దీ చెక్కలోని గాలి వేడెక్కి వ్యాకోచించి, తడి ఎపాక్సీలోకి బుడగలు తోస్తుంది. మధ్యాహ్నం మూడు, మూడున్నరకు టార్పాలిన్ నీడలో మొదలుపెట్టడం నా ఓటు. వేడి తగ్గుతూ ఉంటుంది కాబట్టి చెక్క గాలిని లోపలికే పీలుస్తుంది. సముద్రపు గాలి తేమకు ఎపాక్సీ మీద మైనంలాంటి జిడ్డు పొర వస్తుంది, నిజమే. అది నీళ్లకు పోయేది. బుడగలు అలా పోవు.

పొరలు వేయడం

లోపలి నుంచి వేస్తున్నారు కాబట్టి బయటి వైపు బొక్క మీద సన్‌మైకా ముక్కను నున్నటి ముఖం గోడకు ఆనేట్టు పెట్టి టేపుతో బిగించండి. దానికి ముందు ఆ ముఖానికి మైనం పాలిష్ రెండు మూడు సార్లు పట్టించండి, లేదా పార్సిల్ టేపు ముడతల్లేకుండా అంటించండి. ఎపాక్సీ దానికి అతకదు. గోడ కొంచెం వంపుగా ఉన్నా సన్‌మైకా వంగుతుంది.

అవతలి వైపు చెయ్యి పోకపోతే ఒక ఉపాయం ఉంది. సన్‌మైకా మీదే రెండు పొరల గ్లాసు వేసి ముందుగా ఆరబెట్టుకోండి. ఆ పలక నుంచి బొక్క కన్నా కాస్త పెద్ద కోడిగుడ్డు ఆకారం కోయండి, అడ్డం బొక్క కన్నా తక్కువ, నిలువు ఎక్కువ. మధ్యలో స్క్రూ బిగించి దానికి తీగ కట్టి, వాలుగా బొక్కలోంచి లోపలికి దూర్చి, చిక్కటి ఎపాక్సీ పూసిన అంచులు గోడ వెనక ఆనేలా లాగి కట్టేయండి. పక్కల మిగిలే సందుల్లో అదే చిక్కటి ఎపాక్సీ కూరండి. ఆరాక స్క్రూ తీసి, దాని మీద పొరలు బయటి నుంచి వేసుకోవచ్చు.

బట్టను ముందే కోసి వరసగా పేర్చుకోండి. పెద్ద వృత్తం ముందా, చిన్నది ముందా అనేది ఫైబర్ పని చేసేవాళ్ల మధ్య ఎడతెగని వాదన. నేను పెద్దది ముందు అంటాను. పాత గోడను పట్టుకునే నార మొత్తం అడుగునే ఉంటుంది, తర్వాత పైన సమం చేయడానికి అరగదీసినా ఆ పట్టు తెగదు. 6 మిల్లీమీటర్ల గోడకు 400 గ్రాముల బట్ట పన్నెండు పొరలు కావాలి. ఒక్క రోజే వేయకండి, వేడి పేరుకుంటుంది. ఆరు ఇవాళ, ఆరు రేపు.

వాలు మీద ఎసిటోన్‌తో ఆఖరిసారి తుడిచి ఆరనిచ్చి, ముందు ఉత్త ఎపాక్సీ పూయండి. తర్వాత సిలికా కలిపింది పలచగా. ఇప్పుడు బట్టను ప్లాస్టిక్ షీటు మీద పెట్టి ఎపాక్సీతో తడపండి. తెల్లటి బట్ట గాజులా పారదర్శకం అయ్యేదాకా. గోడ మీద పెట్టి రోలరుతో మధ్య నుంచి అంచులకు నెట్టండి. తెల్లగా కనిపించిన ప్రతి చుక్కా గాలే. ఎపాక్సీ కారిపోతుంటే ఎక్కువైనట్టు, బలాన్నిచ్చేది గ్లాసే కాబట్టి అదనపు రెజిన్‌ను రోలరుతో బయటికి నెట్టి తుడిచేయండి.

మర్నాడు గోరు గుచ్చితే దిగకూడదు. మీద చెయ్యి పెడితే జిడ్డుగా తగులుతుంది. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరు, మంచినీళ్లతో బాగా కడిగి, తుడిచి, ఆరాక 80 నంబరు ఉప్పు కాగితంతో మెరుపు పోయేలా రుద్ది మిగిలిన పొరలు వేయండి. కడగకుండా రుద్దితే ఆ జిడ్డు కాగితానికి చుట్టుకుని గోడకే తిరిగి పడుతుంది.

మీటరు చుట్టూ ఉన్న నాలుగు స్క్రూ కన్నాలకు ఈ హంగామా అక్కర్లేదు. కాస్త పెద్ద డ్రిల్ బిట్టుతో శుభ్రం చేసి, పైన మూతి వెడల్పు చేసి, వెనక టేపు వేసి, సిలికా ఎపాక్సీని సిరంజితో నింపితే సరి.

పైపూత

సన్‌మైకా ఊడదీస్తే బయట నున్నటి చదును వస్తుంది. దాన్నీ కడిగి, 120తో మొదలుపెట్టి 220 దాకా రుద్దండి. చిన్న గుంటలకు ఎపాక్సీ పుట్టీ వాడండి. కార్ల డెంటింగులో వాడే పుట్టీ నీళ్లను పీల్చుకుంటుంది, ఎప్పుడూ తడిసే చోట దాన్ని పెట్టకండి.

రంగు దగ్గర రాజీ తప్పదు. పడవ గోడ తెలుపు అంటాం గానీ ఇరవై ఏళ్ల ఎండ తిన్న తెలుపు డబ్బాలో దొరకదు. ముందు చుట్టూ గోడను రబ్బింగ్ కాంపౌండుతో పాలిష్ చేస్తే దాని అసలు రంగు బయటపడుతుంది. అప్పుడు సరిపోల్చండి. పీకేసిన మీటరు నీడలో ఉన్న వృత్తాన్ని చూసి రంగు ఎంచకండి, అది ఎండ తగలని తెలుపు. ఎపాక్సీ మీద జెల్‌కోట్, అంటే ఫైబర్ పడవలకు ఉండే మెరిసే పైపూత నిలబెట్టడం కుదిరేదే అయినా మెలకువ కావాలి. ఎపాక్సీ ప్రైమరు, దాని మీద టూ ప్యాక్ (రెండు డబ్బాలు కలిపి వాడే) పాలీయూరిథేన్ పెయింటు సులువైన దారి. పుదుపేట చుట్టుపక్కల కార్ల పెయింటు కలిపిచ్చే షాపుల్లో నమూనా చూపిస్తే దగ్గరి రంగు కలిపిస్తారు. నన్నడిగితే ప్యాచ్ ఒక్కటే కాకుండా గోడ మొత్తం, మూల నుంచి మూల దాకా వేసేయండి. అప్పుడు సరిపోల్చే బాధే ఉండదు. ఆరాక 1000, 1500 వాటర్ పేపరు, తర్వాత పాలిష్.

నీటి గీతకు కింద ఉన్న బొక్క అయితే

లోతు, వేగం కొలిచే ట్రాన్స్‌డ్యూసర్లు పడవ అడుగున దాదాపు 50 మిల్లీమీటర్ల బొక్కల్లో కూర్చుని ఉంటాయి. అవీ ఇదే పద్ధతిలో మూయవచ్చు, కానీ అక్కడ పన్నెండు రెట్ల వాలుకు తగ్గకూడదు. అడుగు 10 మిల్లీమీటర్ల మందం ఉంటే చుట్టూ 120, అంటే మొత్తం 290 మిల్లీమీటర్ల వృత్తం. పాలియెస్టర్ వద్దు, బోలు పూసల పొడి కలిపిన తేలికపాటి మైక్రోబెలూన్ పుట్టీలు వద్దు. పైన నీళ్లు ఇంకకుండా ఆపే ఎపాక్సీ బ్యారియర్ పూతలు వేశాకే, నాచు పట్టకుండా వేసే యాంటీఫౌలింగ్ పెయింటు. ఫైబర్ పని ఇదే మొదటిసారైతే దీంతో మొదలుపెట్టకండి. కాక్‌పిట్ గోడలో తప్పు జరిగితే వాన కారుతుంది, ఇక్కడ తప్పు జరిగితే పడవ మునుగుతుంది. అనుభవం ఉన్నవాళ్లను పక్కన పెట్టుకుని చేయండి.

పడవను మళ్లీ నీళ్లలోకి దించిన రోజు క్రేను వాళ్లను వెంటనే పంపేయకండి. లోపల ప్యాచ్ చుట్టూ పొడిగా తుడిచి టిష్యూ పేపరు పరిచి, గంట రెండు గంటలు అక్కడే కూర్చుని చూడండి. పేపరు ఎక్కడ తడిసినా ఆ పూటే పైకి లేపించాలి.